ఆర్ఎక్స్ 100 కింద రోజూ చుక్కలు పడుతున్నాయి, ఇంజిన్ దించకుండా ఎక్కడి నుంచో కనుక్కోవడం ఎలా?

కొర్లగుంట ఆర్ఎక్స్ (తిరుపతి):

అందరికీ నమస్కారం. మా నాన్న 1991లో కొన్న యమహా ఆర్ఎక్స్ 100 బండి ఇంకా మా ఇంట్లోనే ఉంది, అదే ఏపీ 03 నంబరు. ఆయనకు మోకాళ్ల నొప్పులు వచ్చి బండి ఎక్కడం మానేశాక నాలుగేళ్లు వరండాలో గోనెపట్టా కప్పుకొని ఉండిపోయింది. పోయిన సంక్రాంతికి నేను బయటికి తీసి, ట్యాంకు, కార్బొరేటర్ కడిగించి, టైర్లు, ప్లగ్గు మార్పించి, అప్పటి నుంచి రోజూ రేణిగుంటకు డ్యూటీకి దాని మీదే పోతున్నాను. రెండో కిక్కుకే స్టార్టవుతుంది, లాగుడు కూడా బాగుంది.

ఇబ్బంది ఏమిటంటే, రాత్రి సైడ్ స్టాండు వేసి పెడితే పొద్దున ఇంజిన్ కింద, ఎడమ పక్క రూపాయి బిళ్లంత మరక కనిపిస్తోంది. ధారగా కారడం లేదు, రెండు మూడు చుక్కలే, కానీ ఒక్కరోజు కూడా తప్పడం లేదు. ఎడమ కవర్ కింది అంచు ఎప్పుడూ తడిగా ఉంటుంది, గేర్ లివర్ చుట్టూ జిడ్డు, చైన్ వైపు కూడా నల్లగా పేరుకుపోయింది. ఎన్నిసార్లు గుడ్డతో తుడిచినా రెండు రోజుల్లో మళ్లీ అంతే.

దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు గానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ మధ్య సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు యాక్సిలరేటర్ వదిలేసినా రేసు (ఇంజిన్ తిరిగే వేగం) వెంటనే దిగడం లేదు, కాసేపు పైనే ఉండి మెల్లగా దిగుతోంది. కేబుల్ పట్టేసిందేమో అని కొత్తది వేయించాను, తేడా లేదు.

ఒక మెకానిక్‌కు చూపిస్తే బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంజిన్ మొత్తం దించాలి, సీళ్లన్నీ మార్చాలి, పనిలో పనిగా బోరు కూడా చేసేద్దాం, పన్నెండు వేలు అవుతుంది" అన్నాడు. ఈ బండికి బోరు (సిలిండర్) పని 2006లో ఒకసారి జరిగింది, కింది ఇంజిన్ మాత్రం కొన్నప్పటి నుంచి ఎవరూ విప్పలేదు. "ఎక్కడి నుంచి కారుతుందో తెలియకుండా విప్పనివ్వొద్దు" అని నాన్న గట్టిగా చెప్పాడు. నాకూ అదే అనిపిస్తోంది. డబ్బు ఖర్చు కావడం గురించి కాదు, అవసరం లేకుండా ఆ కేసింగ్ విప్పితే మళ్లీ కంపెనీ బిగింపు రాదని భయం. ఇంట్లోనే నేను చూసుకోగలిగిన పరీక్షలు ఉంటే దయచేసి చెప్పండి.


చిత్తూరు టూస్ట్రోక్:

తమ్ముడూ, ముందు నీ బండిలో ఎన్ని రకాల ఆయిల్ ఉందో లెక్కపెట్టుకో. ఆయిల్ ట్యాంకులో టూటీ ఆయిల్ (పెట్రోలుతో కలిసి కాలిపోయే టూస్ట్రోక్ ఆయిల్), గేర్ బాక్సులో వేరే ఆయిల్, చైన్‌కు నువ్వు వేసే ఆయిలో గ్రీజో, వీటికి తోడు కార్బొరేటర్ నుంచి కారే పెట్రోలు. కింద పడే చుక్క ఈ నాలుగింటిలో ఏదో తేలకుండా సీళ్ల (ఆయిల్, గాలి దాటకుండా ఆపే రబ్బరు రింగుల) గురించి మాట్లాడటమే దండగ. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, తడి కనిపించిన చోటే లీకు అనుకుంటారు. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పోతుంది, కాబట్టి నీకు కింది అంచున కనిపించేది చివరికి చేరిన చోటు మాత్రమే.

ఇట్లా చెయ్యి. ఒక ఆదివారం పొద్దున ఇంజిన్ మొత్తం కిరోసిన్, పాత పళ్ల బ్రష్షు పెట్టి కడుగు. గేర్ లివర్ తీసేసి దాని వెనక కూడా, ఆయిల్ పంపు దగ్గర, ఇంజిన్ కింద డ్రెయిన్ బోల్టు చుట్టూ, రెండు కేసింగులు కలిసే గీత పొడవునా. గంట సేపు ఎండలో పెడితే పూర్తిగా ఆరిపోతుంది. ఆరాక మొహానికి రాసుకునే పౌడర్ ఉంటుంది కదా, అది అరచేతిలో పోసుకొని ఇంజిన్ మీదికి పలచగా ఊదు. మందంగా పోస్తే పౌడరే ఆయిల్ పీల్చుకొని ముద్దయిపోతుంది, అప్పుడు ఏమీ తెలియదు. తర్వాత నాలుగైదు కిలోమీటర్లు తిరిగి వచ్చి టార్చి వేసి చూడు. తెల్లటి పౌడర్ మీద తడి మొదలైన చోటు గీత గీసినట్టు కనిపిస్తుంది. అన్నిటికంటే పైన ఉన్న తడి ఎక్కడో అదే నీకు కావాల్సింది.

రాత్రికి బండి కింద తెల్ల అట్ట పరిచి, ముందు చక్రం ఎటుందో అట్ట మీద రాసిపెట్టు. ఒకరోజు సైడ్ స్టాండు, ఒకరోజు మెయిన్ స్టాండు వెయ్యి. సైడ్ స్టాండు మీద బండి ఎడమకు వాలుతుంది, లోపలి ఆయిల్ కూడా అటే చేరుతుంది. మెయిన్ స్టాండు మీద కారకుండా సైడ్ స్టాండు మీదే కారితే, ఎడమ వైపున కాస్త ఎత్తులో ఉన్న సీలు ఏదో వదిలిందని అర్థం.

అట్ట మీది చుక్కను వేలితో ముట్టుకొని చూడు, వాసన చూడు. గేర్ ఆయిల్ అయితే గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది, క్లచ్ ప్లేట్ల అరుగుడు కలిసి కాస్త మాడిన వాసన వస్తుంది, అట్టలో ఇంకి చుట్టూ జిడ్డు వలయం కడుతుంది. టూటీ ఆయిల్ అయితే నువ్వు పోసే డబ్బాలో ఏ రంగు ఉందో ఆ ఛాయే ఉంటుంది. పెట్రోలు కలిసింది అయితే పలచగా పాకి, పెట్రోలు ఆరిపోయాక జిగట మాత్రం మిగులుతుంది.

ఇంకొక్క మాట. గేర్ బాక్సులో ఎంత ఆయిల్ పోశారో తెలుసా? ఈ బండికి ఆయిల్ మార్చేటప్పుడు పట్టేది 650 మి.లీ. కొంతమంది లీటరు డబ్బా తెచ్చి "మిగిల్చి ఏం చేస్తాం" అని మొత్తం పోసేస్తారు. ఎక్కువైన ఆయిల్ ఏదో ఒక సీలు గుండా బయటికి రావాల్సిందే. నా దగ్గరికి ఇట్లా వచ్చిన బండ్లు నాలుగైదు ఉన్నాయి, 650కి దించితే కారడం ఆగిపోయింది. గేర్ బాక్సుకు గాలి పోయే సన్న దారి మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. నాలుగేళ్లు వరండాలో ఉన్న బండి అంటున్నావు, అట్లాంటి సందుల్లో ఏదైనా పురుగు మట్టిగూడు పెట్టేసి ఉంటుంది. సన్న తీగ పెట్టి చూడు.


పాకాల యెజ్డీ:

పైన అన్న చెప్పినవన్నీ చేయండి, కానీ మీరు చివర్లో రాసిన రేసు సంగతే నాకు అసలు విషయం అనిపిస్తోంది. మరక కంటే దాన్ని ముందు పట్టించుకోండి.

టూస్ట్రోక్ ఇంజిన్‌లో గాలి, పెట్రోలు, టూటీ ఆయిలు కలిసి ముందు క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) తిరిగే గదిలోకి వస్తాయి. పిస్టన్ పైకి పోయినప్పుడు ఆ గది లోపలికి గుంజుతుంది, కిందికి వచ్చినప్పుడు నొక్కి పైకి పంపుతుంది. మూడు వేల ఆర్పీఎం (నిమిషానికి మూడు వేల చుట్లు) అంటే సెకనుకు యాభై సార్లు గుంజుడు, యాభై సార్లు నొక్కుడు. ఆ గదికి రెండు పక్కలా క్రాంక్ షాఫ్ట్ బయటికి వచ్చే చోట ఒక్కో రబ్బరు సీలు ఉంటుంది. మీ బండిలో ఎడమ పక్క మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం), కుడి పక్క క్లచ్. మా యెజ్డీలో ఇది అటుదిటు, క్లచ్ ఎడమ, డైనమో కుడి.

క్లచ్ వైపు సీలు పోతే గుంజుడుకు గేర్ ఆయిల్ లోపలికి వచ్చి పెట్రోలుతో కలిసి కాలిపోతుంది. కింద ఒక్క చుక్క పడదు, కానీ గేర్ ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది, సైలెన్సర్ నుంచి తెల్లగా పొగ. దీన్ని పట్టుకోవడానికి మన దగ్గర మంచి చోటు భాకరాపేట ఘాట్. యాక్సిలరేటర్ మూసి, గేర్లోనే దిగండి. అప్పుడు లోపలి గుంజుడు మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. కిందికి దిగి యాక్సిలరేటర్ తిప్పగానే వెనక వచ్చేవాళ్లకు దారి కనపడనంత పొగ వచ్చి, అది రెండు మూడు కిలోమీటర్ల దాకా ఆగకపోతే కుడి సీలు మీద అనుమానం పెట్టుకోండి. కొంచెం పొగ వచ్చి ఆగిపోతే అది మామూలే, దిగేటప్పుడు కింద చేరిన టూటీ ఆయిల్ అది. ఘాట్ దిగేటప్పుడు మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి యాక్సిలరేటర్ ఇస్తూ ఉండండి. మూసి ఉంచితే మీ పంపు కూడా ఆయిల్ తక్కువే ఇస్తుంది, మా బండ్లలో అయితే ఆయిల్ పెట్రోల్లోనే ఉంటుంది కాబట్టి అసలు రాదు.

మ్యాగ్నెట్ వైపు సీలు పోవడం అంతకంటే ప్రమాదం. అటు పక్క ఆయిల్ లేదు, ఉన్నది గాలే. గుంజినప్పుడు గాలి లోపలికి పోతుంది, నొక్కినప్పుడు పెట్రోలు ఆయిల్ కలిసిన ఆవిరి కొంచెం బయటికి వచ్చి మ్యాగ్నెట్ కవర్ లోపల తడిగా చేరుతుంది. మీకు కనిపించేది ఆ తడి. కనిపించనిది లోపలికి పోయే గాలి. గాలి ఎక్కువైతే పెట్రోలు పలచబడుతుంది, దాంతోపాటే ఆయిల్ కూడా, ఇంజిన్ వేడెక్కుతుంది, రేసు దిగదు. నాకు పీలేరు రోడ్డులో మధ్యాహ్నం ఎండలో పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి నల్లటి గీత పడింది రోడ్డు మీద, నా వెనక మా అబ్బాయి ఉన్నాడు. క్లచ్ నొక్కాను కాబట్టి పడలేదు. దానికి ముందు నెల రోజులు నా బండి కూడా రేసు దిగేది కాదు, నేను స్క్రూ తిప్పుకుంటూ నడిపాను. ఆ తప్పు మీరు చేయొద్దు. తేలేదాకా దూరాలు పోకండి, నలభై దాటించకండి, పెట్రోల్లో లీటరుకు 20 మి.లీ. టూటీ ఆయిల్ విడిగా కలపండి. పంపు ఇచ్చేదానికి అదనంగా ఉంటుంది, పొగ వస్తే రానివ్వండి.

అయితే రేసు దిగకపోవడానికి కార్బొరేటర్‌కూ బోరుకూ మధ్య ఉన్న రబ్బరు పగిలినా చాలు. ముందు దాన్ని చూడండి, అది సులువు. ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ నడుస్తూ) ఉన్నప్పుడు ఆ రబ్బరు చుట్టూ కొంచెం సబ్బు నీళ్లు స్ప్రే చేయండి. శబ్దం మారిందంటే గాలి అక్కడే పోతోంది.


కొర్లగుంట ఆర్ఎక్స్ (తిరుపతి):

ఇద్దరికీ చాలా థాంక్స్. పిస్టన్ సంగతి చదివాక నిజంగా టెన్షన్ వచ్చింది, వారం నుంచి బస్సులో పోతున్నాను. ఈ వారంలో చూసింది మొత్తం రాస్తాను.

ముందు గేర్ ఆయిల్. పోయిన నెల నేనే దగ్గరుండి, కొలత గ్లాసుతో 650 పోయించాను. ఇప్పుడు వేడి చేసి దించి కొలిస్తే 635 వచ్చింది. లోపల అంటుకొని మిగిలింది కొంత ఉంటుంది కదా, అంటే గేర్ ఆయిల్ పెద్దగా పోవడం లేదు. పొగ కూడా పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కొంచెం తప్ప లేదు. కాబట్టి కుడి సీలు కాదనుకుంటున్నాను. గాలి పోయే గొట్టంలో మట్టి ఉన్నమాట నిజం, చీపురు పుల్ల పెట్టి తీస్తే పొడిపొడిగా రాలింది.

తర్వాత కడిగి, ఆరబెట్టి, పౌడర్ ఊది, తిరుచానూరు దాకా మెల్లగా పోయి వచ్చాను. కుడి పక్క పంపు చుట్టూ, క్లచ్ కవర్ ప్యాకింగ్ దగ్గర తెల్లగా అట్లాగే ఉంది. డ్రెయిన్ బోల్టు పొడిగా ఉంది. బోరు కింద ప్యాకింగ్ దగ్గర కూడా ఏమీ లేదు. ఎడమ కవర్ కింది అంచులో, ముందు భాగంలో మాత్రం పౌడర్ తడిసి నీలంగా మారింది. నేను పోసే టూటీ ఆయిల్ నీలం రంగు. గేర్ లివర్ షాఫ్ట్ చుట్టూ సన్నగా గోధుమ రంగు వలయం కూడా ఉంది.

రాత్రి అట్ట వేసి పెడితే మూడు మరకలు. వెనక ఉన్నది నల్లగా, చిక్కగా, వేలికి ఇసుక తగిలింది, అది చైన్‌కు వేసిన ఆయిలే, అనుమానం లేదు. మధ్యలో చిన్నది గోధుమ రంగు. ముందున్నదే పెద్దది, పలచగా పాకి ఉంది, పెట్రోలు వాసన. పొద్దునకు ఆరి జిగటగా మిగిలింది. అంటే నేను ఇన్నాళ్లూ ఒకే లీకు అనుకున్నది మూడు వేర్వేరు ఆయిళ్లు కలిసి చేసిన మరక.

ఎడమ కవర్ విప్పాను. మ్యాగ్నెట్ కింద నల్లటి బురదలాంటిది చెంచాడు ఉంది. వాసన చూస్తే సైలెన్సర్ వాసన కాదు, గేర్ ఆయిల్ వాసన కాదు, పచ్చి పెట్రోలు, టూటీ ఆయిల్. కార్బొరేటర్ రబ్బరు మీద సబ్బు నీళ్లు కొట్టి చూశాను, శబ్దం మారలేదు.

ఇప్పుడు సీలు మార్చేయమంటారా, లేక ఇంకా ఏమైనా చూసి రూఢి చేసుకోవాలా?


శ్రీకాళహస్తి లేత్:

రూఢి చేసుకోండి. అనుమానం ఎడమ సీలు మీదే అయినా, రెండు కేసింగులు కలిసే చోట కూడా గాలి పోయే అవకాశం ఉంది, అదైతే సీలు మార్చి ఉపయోగం లేదు, నిజంగానే ఇంజిన్ దించాల్సి వస్తుంది. గాలి నింపి చూస్తే ఒక గంటలో తేలిపోతుంది.

దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. ఇంట్లో పాత బీపీ మిషన్ ఉంటే చాలు, గుండ్రటి డయల్, చేత్తో నొక్కే బల్బు ఉండే రకం. దాని మీద 300 అంటే దాదాపు 5.8 పీఎస్ఐ, టూస్ట్రోక్ క్రాంక్ గదిని పరీక్షించడానికి సరిగ్గా కావాల్సింది అంతే. 300 దాటించొద్దు, పంక్చర్ షాపు కంప్రెసర్ అయితే అసలు పెట్టొద్దు, బాగున్న సీలు కూడా జారి బయటికి వచ్చేస్తుంది.

కార్బొరేటర్ తీసేయండి. ఆ రబ్బరులో పట్టే మందంలో ఒక రబ్బరు బిరడా పెట్టి, దానికి రంధ్రం చేసి బీపీ మిషన్ ట్యూబు దూర్చి, క్లిప్పు బిగించండి. సైలెన్సర్ తీసి ఆ దారికి సైకిల్ ట్యూబు ముక్క అడ్డం పెట్టి, దాని మీద రేకు పట్టీతో గట్టిగా బిగించండి. ప్లగ్గు అట్లాగే ఉంచండి. పంపు నుంచి ఇన్‌టేక్ వైపు వచ్చే సన్న ఆయిల్ గొట్టం దారిని కూడా మూయాలి, చాలామంది అది మర్చిపోయి ఎక్కడో లీకుందని వెతుకుతారు. పిస్టన్ పూర్తిగా కింద ఉండేట్టు పెట్టుకోండి, అప్పుడు కింది గది, పైన బోరు రెండూ ఒకేసారి పరీక్షకు వస్తాయి.

మ్యాగ్నెట్ చక్రం తీస్తేనే సీలు కనిపిస్తుంది. దానికి మరతో పట్టే పుల్లర్ ఉంటుంది, అద్దెకైనా తెచ్చుకోండి. సుత్తితో కొట్టి గానీ, స్క్రూడ్రైవర్లు రెండు పక్కలా పెట్టి ఎత్తి గానీ తీయొద్దు, క్రాంకు వంగుతుంది. కాయిల్ ప్లేటు తీసే ముందు ప్లేటు మీదా కేసింగ్ మీదా కలిపి సన్నగా గీత గీసుకోండి, మళ్లీ అక్కడే పెట్టడానికి.

ఇక గాలి కొట్టి 300కు తెచ్చి బల్బు మర బిగించి చూడండి. ఐదారు నిమిషాల్లో కొంచెం దిగితే ఫరవాలేదు. గబగబా దిగిపోతుంటే షాంపూ నీళ్లు చేసి మెత్తటి కుంచెతో ముందు మీరు మూసిన మూతల చుట్టూ వేయండి, తర్వాత సీలు మీద, కేసింగ్ గీత మీద, బోరు ప్యాకింగుల మీద. కుడి సీలు బయటికి కనపడదు కాబట్టి, గేర్ ఆయిల్ పోసే మూత తీసి ఆ నోటికి సబ్బు పొర అంటించండి. పొర ఉబ్బితే గాలి కుడి సీలు దాటి గేర్ బాక్సులోకి వస్తోందని. గేర్ బాక్సుకు గాలి పోయే గొట్టాన్ని ఆ కాసేపు వేలితో మూసి పెట్టండి, లేకపోతే ఉబ్బదు.


కొర్లగుంట ఆర్ఎక్స్ (తిరుపతి):

ఆదివారం చేశాం. మా అమ్మకు ఒకప్పుడు వాడిన బీపీ మిషన్ బీరువాలో ఉంది, కట్టు గుడ్డ చినిగింది గానీ బల్బు, డయల్ బాగానే ఉన్నాయి. పక్కింటి తమ్ముడు బల్బు నొక్కాడు, నాన్న కుర్చీ వేసుకొని డయల్ చూస్తూ లెక్క చెప్పాడు.

మొదటిసారి 300 దాకా ఎక్కనే లేదు. వెతికితే సైలెన్సర్ దారికి పెట్టిన ట్యూబు ముక్క పక్క నుంచి పోతోంది. రెండు మడతలు వేసి బిగించాక 300 ఎక్కింది, నలభై సెకన్లలో 200కు పడింది. షాంపూ నీళ్లు సీలు మీద వేశాను. గడియారంలో ఏడు అంకె ఉండే చోట ఒక బుడగ మొదలైంది, ఆవగింజంత ఉన్నది శనగగింజంత అయ్యి పగిలింది, వెంటనే అక్కడే ఇంకోటి. పదే పదే అదే చోట. మిగతా వలయం అంతా కదలకుండా ఉంది. కేసింగ్ గీత పొడవునా ఏమీ లేదు, బోరు కింద ఏమీ లేదు. గేర్ ఆయిల్ నోటి దగ్గర సబ్బు పొర ఉబ్బలేదు, దానంతట అదే పగిలిపోయే దాకా ఐదు నిమిషాలు చూశాం. నాన్న వంగి ఆ బుడగను చాలాసేపు చూసి, "అయితే ఇంజిన్ దించే పని లేదు" అన్నాడు.

సీలు ఇక్కడ రెండు షాపుల్లో అడిగితే పేరు లేని సరుకు చూపించారు, పెదవి గట్టిగా ఉంది, లోపలి స్ప్రింగు చేతికి వదులుగా వచ్చేసింది. తీసుకోలేదు. తెలిసినాయన చెన్నై పోతుంటే అక్కడ బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో తెప్పిద్దామనుకుంటున్నాను. కొనేటప్పుడు చూడాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి.


శ్రీకాళహస్తి లేత్:

పాత సీలు మీద మూడు అంకెలు ముద్ర వేసి ఉంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. అరిగిపోయి కనపడకపోతే వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) పెట్టి షాఫ్టునూ సీలు కూర్చునే గూటినీ కొలవండి, సీలును కొలవొద్దు, అది ముప్పై ఏళ్లకు కుంచించుకుపోయి ఉంటుంది. దొరికితే వైటాన్ రబ్బరుది తీసుకోండి, గోధుమ రంగులో ఉంటుంది చాలావరకు, కానీ రంగు చూసి నమ్మకుండా అడిగి తీసుకోండి. మామూలు నల్ల రబ్బరు కంటే వేడినీ ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలునూ బాగా తట్టుకుంటుంది. ఈ బండ్లు తయారైన కాలంలో ఇంత ఇథనాల్ లేదు, ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం దాకా వస్తోంది.

పాత సీలు తీశాక షాఫ్టు మీద గోరు పెట్టి గీసి చూడండి. సీలు పెదవి ఆనే చోట సన్న గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా అక్కడే కూర్చొని మళ్లీ వదులుతుంది. గాడి లోతు తక్కువైతే కొత్త సీలును పాతదాని కంటే ఒక మిల్లీమీటరు బయటికి కూర్చోబెట్టండి, పెదవి అరగని చోట ఆనుతుంది. స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, క్రాంకు వైపు ఉండాలి. షాఫ్టు మీద అర్ధచంద్రాకారం కీ కూర్చునే గాడి ఉంది కదా, దాని అంచు బ్లేడులా ఉంటుంది. కీ తీసేసి, ఆ గాడి మీద పలచగా టేపు చుట్టి, పెదవికి టూటీ ఆయిల్ రాసి తోయండి. కొత్త సీళ్లు మొదటి రోజే పాడయ్యేది ఎక్కువగా ఈ టేపు చుట్టకపోవడం వల్లే. సీలు బయటి వ్యాసానికి సరిపోయే పైపు ముక్క పెట్టి నెమ్మదిగా సమంగా నొక్కండి.


కొర్లగుంట ఆర్ఎక్స్ (తిరుపతి):

పని అయిపోయింది, ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, పది రోజులు నడిపి చూశాకే రాద్దామని ఆగాను.

చంద్రగిరిలో ఒక పెద్దాయన ఉన్నారు, షెడ్డు మూసేశారు గానీ పాత బండ్లంటే ఇంకా చేస్తారు, ఆయన దగ్గర నేను నిలబడి చేయించాను. పాత సీలు తీస్తే పెదవి చెక్కలా అయిపోయింది, వంచితే కింది వైపు, అదే బుడగ వచ్చిన చోట, అర అంగుళం పొడవున చీలింది. షాఫ్టు మీద గాడి ఉంది, గోరుకు తగిలీ తగలనట్టు. మిల్లీమీటరు బయటికి పెట్టమంటే ఆయన ముందే ఆ పనిలో ఉన్నారు. టేపు కూడా నేను చెప్పకుండానే చుట్టారు. మ్యాగ్నెట్ బిగించక ముందే మళ్లీ బీపీ మిషన్ పెట్టాం, 300 పెడితే ఆరు నిమిషాలకు 285. సీలుకూ కూలికీ కలిపి తొమ్మిది వందలు అయింది, పుల్లర్ ఆయనదే.

స్టార్ట్ చేయగానే ఐడ్లింగ్ బాగా తక్కువకు పడి ఆగిపోయింది. నేను కంగారు పడ్డాను. ఆయన మాత్రం ఇదే కావాలన్నారు. ఇన్నాళ్లూ సీలు గుండా గాలి వస్తుంటే దానికి తగ్గట్టు ఎవరో స్క్రూలు తిప్పి పెట్టారు, ఇప్పుడు గాలి ఆగింది కాబట్టి మొదటి నుంచి సెట్ చేయాలి అని పది నిమిషాలు కూర్చొని సరిచేశారు. ఇప్పుడు యాక్సిలరేటర్ వదిలితే రేసు చటుక్కున దిగుతోంది.


చిత్తూరు టూస్ట్రోక్:

మంచి మాట విన్నాం తమ్ముడూ. ప్లగ్గు రంగు చూశావా? కొత్త ప్లగ్గు వేసి ఇరవై కిలోమీటర్లు ఒకే వేగంలో పోయి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి, అక్కడే ప్లగ్గు తీసి చూడు. కాఫీ పొడి రంగులో ఉంటే సరే. తెల్లగా ఉంటే గాలి ఇంకా ఎక్కడో పోతోంది, లేదా కార్బొరేటర్ జెట్టులో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలో) మట్టి ఉంది, అప్పుడు నడపకు. ఆయిల్ పంపు గొట్టం విప్పారు కాబట్టి అందులో గాలి బుడగలు లేకుండా తీశారో లేదో కూడా చూసుకో. గాలి చిక్కితే ఆ కాసేపు ఇంజిన్‌కు ఆయిల్ అందదు. పెట్రోల్లో కలిపే 20 మి.లీ. ఒక ట్యాంకు అయ్యేదాకా ఆపొద్దు.


కొర్లగుంట ఆర్ఎక్స్ (తిరుపతి):

ప్లగ్గు చూశాను అన్నా, రేణిగుంట ఎయిర్‌పోర్టు రోడ్డులో పోయి పక్కన ఆపి తీశాను, లేత కాఫీ రంగు. పంపు దగ్గర గాలి తీశారు, బుడగలు ఆగి ఆయిల్ తెగకుండా వచ్చేదాకా నేనే చూశాను.

అట్ట ఇంకా బండి కిందే ఉంది. ముందు మరక పది రోజులుగా లేదు. వెనక మరక చైన్‌కు ఆయిల్ తగ్గించి, వేసిన తర్వాత గుడ్డతో తుడవడం మొదలుపెట్టాక పోయింది. మధ్యలో గోధుమ చుక్క మాత్రం మూడు నాలుగు రోజులకు ఒకటి పడుతోంది, అది గేర్ లివర్ షాఫ్ట్ సీలు. దాని వల్ల ఇంజిన్‌కు ప్రమాదం లేదని పెద్దాయన కూడా చెప్పారు, ఆయిల్ లెవెల్ చూసుకుంటే చాలన్నారు. వచ్చే నెల గేర్ ఆయిల్ మార్చేటప్పుడు ఎట్లాగూ ఆయిల్ దించుతాను, అప్పుడు వేయిస్తాను. పాత సీలు డబ్బాలో దాచాను, ఈ రెండు సీళ్ల కొలతలు ఇక్కడే రాస్తాను, ఇదే బండి ఉన్నవాళ్లకు పుదుపేటలో అడగడానికి పనికొస్తుంది.

నిన్న సాయంత్రం నాన్నను వెనక కూర్చోబెట్టుకొని అలిపిరి దాకా పోయి వచ్చాను. గేటు దగ్గర ఆపి ఐడ్లింగ్‌లో వదిలితే ఆయన దిగకుండా కాసేపు అట్లాగే విన్నాడు.